మిల్లుకు అబద్ధం నేర్పిన పదిహేను రోజులు

ఉడికిన వడ్ల ఆవిరికి ఒక తీపి వాసన ఉంటుంది. బాయిలర్‌లో కాలే ఊక పొగ అందులో కలిసి వనపర్తి బయటి రోడ్డు దాకా వస్తుంది. మొన్న ఉదయం బస్సు దిగి మిల్లు గేటు వైపు నడుస్తుంటే ఆ వాసన తగిలింది. సీజన్ మొదలైందన్నమాట. అప్పుడే ఫోన్ మోగింది. మిల్లు యంత్రాలను దూరం నుంచి కనిపెట్టి ఉండే సాఫ్ట్‌వేర్‌కు కొత్త వెర్షన్ వచ్చింది. కొత్తగా ఏమేం చేర్చారో కంపెనీ వాళ్లు జాబితా పంపారు. హెచ్చరికలు ఇకనుంచి తెలుగులో వస్తాయట. పనివాళ్లు తమకు తోచింది గొంతుతో చెబితే యంత్రం గ్రాఫు పక్కనే రికార్డయి ఉంటుందట. మూడో వరుస చదివి గేటు దగ్గరే ఆగిపోయి నవ్వుకున్నాను. యంత్రం నేర్చుకున్నది తప్పని తేలితే, ఒక్క బటన్‌తో చెరిపేసి మొదటినుంచి నేర్పవచ్చట. ఎవరినీ అడగనక్కరలేదట.

ఆరేళ్ల కిందట ఆ బటన్ ఉండి ఉంటే ఎవరికీ తెలియకుండా నొక్కేసి ఊరుకునేదాన్ని. దానేలన్న నాకు ఒక మంచి ఫిట్టర్‌గా మాత్రమే గుర్తుండేవాడు. ఆయన పోయి రెండు యాసంగి పంటలు దాటాయి.

మాది గద్వాల దగ్గర గట్టు మండలం. వాన పడితే పండే చేను. డిప్లొమా అయ్యాక ఏడాది ఇంట్లోనే ఉండి, చివరికి ఈ బియ్యం మిల్లులో పని దొరికించుకున్నాను. మా ఇంట్లో నెల జీతం అన్న మాట అదే మొదటిసారి వినపడడం. మిల్లు సేటు అప్పుడే మోటార్లన్నిటికీ అరచేతిలో పట్టే డబ్బాలు అంటించాడు. అవి మోటారు వణుకును, వేడిని కొలిచి ఇంటర్నెట్ మీదుగా ఎక్కడో ఉన్న కంప్యూటర్లకు పంపుతాయి. తేడా కనిపిస్తే ఫోనుకు కబురు వస్తుంది. వాటిని చూసుకోవడమే నా పని. మొదటి రోజే సేటు సంగతి తేల్చేశాడు. "ఈ వానకాలం పంట ఆడిచ్చేదాక చూస్త. పని సాగితే ఉంటవ్. లేకుంటే డబ్బాలు, నువ్వు ఒకటే బండిల పోవాలె."

దానేలన్న అప్పటికి యాభై దాటినవాడు. తల్లిదండ్రులు కాలువ పనులకు వలసపోయినప్పుడు మట్టి గట్టు మీదే పుట్టాడట. పెద్దయ్యాక తానూ ఆ పనులకే పోయి, అక్కడ నీళ్లు తోడే పంపుల దగ్గర నిలబడి నిలబడి ఫిట్టరయ్యాడు. చదువు ఐదో తరగతి. మిల్లులో అందరికీ అన్నే. కొత్త డబ్బాలంటే ఆయనకు కోపం వస్తుందేమోనని నేను భయపడ్డాను. ఆయన వంగి, చాలాసేపు చూసి అడిగాడు.

"ఇది తేడా వస్తే ఎవలి ఫోనుకు చెప్తది?"

"నాకు, సేటుకు."

"మోటర్ పక్కపొంటి నిలవడేటోణ్ణి నేను గదా బిడ్డా. నాకు చెప్పదా?"

ఆ మాట ఎవరికీ తట్టలేదు. అప్పటికప్పుడు ఆయన నంబరు కూడా ఎక్కించాను. ఫారంలో హోదా అడిగితే ఏం రాయాలన్నాను. "మోటర్ల సుట్టం అని రాయి" అన్నాడు. అలాగే రాశాను. కంపెనీ వాళ్ల దగ్గర చాలాకాలం ఆయన హోదా అదే.

మోటారు గది తలుపుకు బడిపిల్లల పలక ఒకటి వేలాడేది. అది ఆయన పెట్టిన పద్ధతి. ఎవరి చేతిలో తప్పు జరిగితే వాళ్లే సొంత చేత్తో రాసి పేరు పెట్టాలి. తరువాతి తప్పు పడేదాకా అది చెరపకూడదు. నేను చేరిన వారమే అందులో కొత్తగా కనిపించింది: 'బెల్టు ఉల్టా ఎక్కించిన. నేనే. దానేలు.' బస్తాలు మోసే హమాలీలు ఆ దారిన పోతూ దాన్ని గట్టిగా చదివి నవ్వేవాళ్లు. ఆయనా వాళ్లతో కలిసి నవ్వేవాడు.

"అందరికీ కనపడేటట్టు ఎందుకన్నా?" అని అడిగాను.

"దాస్తే దినాం కాపలా ఉండాలె బిడ్డా. నాకు గంత తీరిక లేదు."

సీజన్‌కు కొద్దిగా ముందు, అప్పటి కొత్త వెర్షన్ వచ్చింది. డబ్బా పదిహేను రోజులు యంత్రాన్ని గమనించి, అది మామూలుగా ఎలా నడుస్తుందో తనంతట తానే నేర్చుకుంటుంది. ఆ తరువాత ఆ మామూలుకు తేడా వస్తేనే కబురు పంపుతుంది. మంచి ఏర్పాటు. నేను దాన్ని బాగా చేయాలనుకుని పాడుచేశాను. ఆ పదిహేను రోజులూ బాగా ఎండిన వడ్లు, అవీ సగం లోడు మాత్రమే పోయించాను. ప్రతి బేరింగుకూ గ్రీజు పెట్టించాను. బోల్టులన్నీ బిగించి, నేల కడిగించాను. దానేలన్న వచ్చి నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏందిది? సేటింట్ల పెండ్లా?"

"నేర్చుకునేటప్పుడు అంతా మంచిగుండాలె అన్నా. గ్రాఫు సాఫుగా వస్తది."

"పెండ్లిసూపులల్ల పిల్ల నడిచే నడక సూసి, పిల్ల ఎప్పుడూ గట్లనే నడుస్తదనుకుంటరా ఎవరన్న?"

అక్కడున్న వాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. తెర మీద గీతలు నున్నగా వస్తున్నాయి, అదే నాకు కనిపించింది. ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

వానకాలం వడ్లు తడితడిగానే లారీల్లో దిగాయి. మిల్లు నిండు లోడుతో ఊగిపోతూ నడవడం మొదలుపెట్టింది. ఎప్పుడూ అలాగే నడిచేది. కానీ డబ్బాలకు తెలిసిన మిల్లు అది కాదు. వడ్లను పైకెత్తే ఎలివేటరు పోతోందని, ఆరబెట్టే డ్రయ్యరు పోతోందని ఫోన్లు ఆగకుండా మోగాయి. దానేలన్న తన ఫోను తవుడు బస్తా మీద పెడితే అది వణుకుతూ వణుకుతూ కిందికి జారింది. హమాలీ చెన్నయ్య నన్ను చూసి, "అక్కా, నీ ఫోనుకు సలిజరం వట్టింది. జర దవాఖాన్ల సూపియ్యరాదు" అన్నాడు.

సేటుకు ఆ నవ్వులేమీ అందలేదు. బంధువుల ఇంట్లో నిశ్చయ తాంబూలాల మధ్య నుంచి లేచి వచ్చాడు.

"అది పోతున్నది, ఇది పోతున్నది అంటది. ఏదీ పోలే. పరేషానై నేనే పోయేటట్టున్న. ఎల్లుండి కంపెనీ మనిషి వస్తుండు. డబ్బాలు ఖరాబైతే వాళ్లే కొత్తవి ఇస్తరు. నువ్వు నేర్పింది ఖరాబైతే మాత్రం నీకో దండం. ఏదో చూసి చెప్పు."

చూడవలసిన పని లేదు. అప్పటికే నాకు తెలుసు. డబ్బాలు ఖరాబయ్యాయి అంటే చాలు, కొత్తవి వస్తాయి, ఈసారి సీజన్‌లోనే నేర్చుకుంటాయి, అంతా సర్దుకుంటుంది. నా కొలువు నిలుస్తుంది. మాట పడేది ఆ కంపెనీ మనిషి ఒక్కడే. ఆయన ముఖం కూడా నాకు తెలియదు. ఇంత సులువైన అబద్ధం అంతవరకు నాకు దొరకలేదు.

మధ్యాహ్నం మోటారు గదిలో కూర్చున్నాను. దానేలన్న టిఫిన్ డబ్బా తెచ్చుకుని ఎదురుగా కూర్చుని మూత తీశాడు.

"తిన్నవా?"

"ఆకలి లేదన్నా."

"తప్పు దొరికిందా?"

"దొరికింది."

"యాడున్నది?"

"నా దగ్గరనే."

"అయితే దగ్గర్లనే ఉన్నది. దూరం పొయ్యే పని లేదు" అని జొన్న రొట్టె తుంచి పప్పులో అద్దుకున్నాడు. పలక వైపైనా చూడలేదు. రొట్టె మెల్లగా తిన్నాడు, అంతే. ఆయన రెండో రొట్టె అయ్యేలోపు నేను లేచి రాశాను: 'మిల్లుకు అబద్ధం నేర్పిన. నేనే. పద్మ.'

ఆయన చేయి కడుక్కుని వచ్చి చదివాడు. నా చేతిలోంచి బలపం తీసుకుని, దాని కింద తన పెద్ద పెద్ద అక్షరాలతో రాశాడు: 'సూసిన. ఒక్కపారి నవ్వులాటకు చెప్పి ఊకున్న. నేనే. దానేలు.'

నాకు ఏడుపు వచ్చింది. ఆపుకున్నాను.

సాయంత్రం సేటు ఆ పలక ముందు నిలబడి రెండుసార్లు చదివాడు. "నువ్వెందుకు రాసినవ్ దానేలూ?"

"నా మిల్లు గదా సేటు. ఆపిచ్చి ఉంటే ఈడిదాక రాకపోవు."

"నీ మిల్లా?"

"మీదే సేటు. నడిచేటప్పుడు నాది."

సేటు నవ్వు ఆపుకోవాలని చూశాడు, కుదరలేదు. "నిజం నేర్పనీకి ఎన్ని దినాలు వడ్తది?" అని నన్ను అడిగాడు. పదిహేను అన్నాను. "ఈసారి ఇద్దరు కలిసి అబద్ధం చెప్పకుండ్రి" అని వెళ్లిపోయాడు. పాత పాఠం చెరపడం అప్పట్లో కంపెనీ వాళ్ల చేతిలోనే ఉండేది. ఎందుకు చెరపాలో కారణం రాసి పంపాలి. ఉన్నది ఉన్నట్టు రాశాను. రాయడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆ తరువాతి పదిహేను రోజులంత సంతోషంగా నేను ఏ పనీ చేయలేదు. తడి వడ్లు, ఎండు వడ్లు, నిండు లోడు, లారీ ఆలస్యమై ఉత్తగా తిరిగే బెల్టు, అన్నీ దాచకుండా డబ్బాలకు చూపించాం. ఏ చప్పుడు ఎక్కడిదో దానేలన్న చెబుతుంటే నేను గ్రాఫులో వెతికేదాన్ని. కొన్నిసార్లు ముందు గ్రాఫు చూసి ఆయన్ను పరీక్షించేదాన్ని. నెల తిరిగేసరికి ఒక ఉదయం డ్రయ్యరు ఫ్యాను గురించి ఒకే ఒక్క కబురు వచ్చింది. ఆయన చెవి పెట్టి విని, ఏమీ లేదన్నాడు. విప్పి చూస్తే బేరింగు అరిగిపోయి ఉంది. ఆ రోజంతా మిల్లులో ఎదురుపడ్డ ప్రతివాడికీ చెప్పుకున్నాడు: "నా కంటె ముందుగాల అదే వసిగట్టింది. నేను ఓడిపోయిన." ఓడినందుకు అంత సంబరపడిన మనిషిని మళ్లీ చూడలేదు.

నాలుగేళ్ల తరువాత, జబ్బుపడి నెల తిరగకుండానే పోయాడు. చర్చి వెనక సమాధుల దగ్గర పాస్టరు ప్రార్థన ముగించాక, సేటు అక్కడే చాలాసేపు నిలబడ్డాడు. ఆ పూట మిల్లు ఆపేశారు.

ఇప్పుడు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో మూడు మిల్లుల డబ్బాలు నేనే చూస్తున్నాను. పోయిన నెల నాగర్‌కర్నూల్‌లో యంత్రాలు కడిగాక, ఆపరేటరు శాంతమ్మ ఒక డబ్బాను మళ్లీ అంటించడం మరిచిపోయింది. నేను అది చూసి, రేపు చెబుదాంలే అనుకున్నాను. మర్నాడు వెళ్లేసరికి యజమాని ఆమెను నిలబెట్టి తిడుతున్నాడు. 'నేనే' అన్న మాట నాకు ఇప్పటికీ వెంటనే నోటికి రాదు. అయినా, "నేను నిన్ననే చూసిన సార్. చెప్పకుండ ఊకున్న" అన్నాను. ఆయన కొంతసేపు నన్నూ తిట్టి వెళ్లిపోయాడు.

"మీరెందుకు నడుమల వడ్డరు మేడం?" అంది శాంతమ్మ.

"తిట్లు చెరి సగం తింటే జల్ది అయిపోయినయ్ గదా."

ఆమె పెద్దగా నవ్వింది. ఇద్దరం కలిసి డబ్బా అంటించి వచ్చాం.