బాబాయి వదిలిన బంతి

మొన్న ఆదివారం ఆడపిల్లల ఫుట్‌బాల్ ఫైనల్ చూస్తానంటే బాబాయిని స్కూటరు మీద కూర్మన్నపాలెం గ్రౌండుకు తీసుకెళ్లాను. గోలు వెనక ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. గోల్‌కీపరు ఆయన శిష్యురాలు. ఆడే పిల్ల కంటే ఈయనకే ఎక్కువ చెమటలు పట్టాయి.

మా ఇంట్లో ఆటలాడిన వాళ్లకు వీపు విమానం మోత మోగడమే తప్ప వేరే లాభం ఉండేది కాదు. బాబాయికి మాత్రం ఆటే ఉద్యోగం ఇచ్చింది. హార్బరు దగ్గర ఒక కంపెనీ వాలీబాల్ కోసం ఆయన్ని తీసుకుని, ఎత్తు చూసి ఫుట్‌బాల్ జట్టులో గోల్‌కీపరుగా కూడా నిలబెట్టింది. పొద్దున ఒక ఆట, సాయంత్రం ఇంకోటి. ప్రాణం మాత్రం ఫుట్‌బాలే. రెండు జతల బూట్లూ నానమ్మ వరండాలో ఎండబెడితే వీధంతా ముక్కు మూసుకునేది. మేం పిల్లలం మాత్రం గర్వంగా పీల్చుకునేవాళ్లం.

వాలీబాల్‌లో బంతిని పట్టుకుంటే తప్పు. గోలులో పట్టుకోకపోతే తప్పు. బుర్రకు తెలిసిన తేడా చేతులకు తెలియొద్దూ! ఒక ఫైనల్లో, ఇంకాసేపట్లో ఆట ముగుస్తుందనగా, గుండెలకు హత్తుకోవాల్సిన తేలిక బంతిని అలవాటు కొద్దీ వేళ్లతో ముద్దుగా పైకి లేపాడు. అది తిన్నగా అవతలి ఆటగాడి కాళ్ల ముందు పడింది. కప్పు పోయింది, ఫుట్‌బాల్ జట్టులో ఆయన పేరూ పోయింది. మోకాలు పాడయ్యేదాకా వాలీబాల్ ఆడి, తర్వాత అందులోనే కోచ్ అయ్యాడు. ఫుట్‌బాల్ గ్రౌండు వైపు మాత్రం తొంగిచూడలేదు. నాకు జాలేసేది, అడిగే ధైర్యం చాలేది కాదు.

నిరుడు ఈ పిల్లల జట్టువాళ్లు వచ్చి గోల్‌కీపరుకు నేర్పమని అడిగారు. "నా సేతులు మంచివి కావమ్మా" అన్నాడు. వంటింట్లోంచి పిన్ని కసిరింది. "ఏటి, ఆ సేతులే గదా ఇన్నాళ్లూ మనకి తిండెట్టినాయి! ఎల్లు."

వెళ్లాడు. చేతికి చిక్కే బంతిని గుండెలకు హత్తుకోమన్నాడు. చిక్కనిదాన్ని వేళ్లతో లేపడం కూడా నేర్పాడు.

మొన్న మనవాళ్లు ఒక్క గోలు ముందున్నారు. ఆట ముగిసేలోపు వానలో ఒక బంతి గోలు పై మూలకు దూసుకొచ్చింది. బాబాయి మోకాలి సంగతి మరిచి లేచాడు. "పట్టుకోకమ్మా! పైకి లేపీ!"

పిల్ల ఎగిరింది. వేళ్ల కొసలు తగిలి బంతి క్రాస్‌బార్ మీదుగా వచ్చి ఆయన కుర్చీ పక్క బురదలో పడింది.

"నాను లేపింది కూడా ఇలాగేరా" అంటూ తన చేతులు చూసుకుని ఏడ్చేశాడు. నేనూ ఆపుకోలేకపోయాను.

ఆ బంతి క్రాస్‌బార్ దాటడానికి నలభై ఏళ్లు పట్టింది.