కోసి పంపిన వందరూపాయల నోట్లు

మొన్న పటమటలో బ్యాంకుకి వెళ్లి డబ్బు వేయబోతే, అక్కడి మెషిను నా నోట్లలో ఒకదాన్ని నాలుక చాపినట్టు బయటికి తోసేసింది. నోట్లు పరీక్షించే జీతం తిన్నవాణ్ణి కదా, కాస్త చిన్నతనం అనిపించింది.

డెబ్బైల్లో ఉయ్యూరులో ఒక బ్యాంకుకి కొత్త క్యాషియర్ని. వెలుతురుకి ఎత్తితే కనబడే సింహాల నీటిగుర్తు, కాగితంలో ఇమిడిపోయిన దారం, వెనకవైపు భాషల వరసలో కింది నుంచి రెండోదిగా నిలిచిన మన తెలుగు (బళ్లో నా ర్యాంకూ అదే), ఇవన్నీ ట్రైనింగులో బట్టీపట్టి వచ్చానేమో, నోటుని పట్టుకుంటే చాలు, పోలీసు దర్జా వచ్చేసేది.

నేను అద్దెకుండి భోంచేసే ఇంటావిణ్ణి పిన్నిగారూ అనేవాణ్ణి. ఆవిడ కూతురికి బెజవాడలో నర్సు ట్రైనింగు సీటు వచ్చింది; ఆ సాయంత్రంలోగా ఫీజు కట్టకపోతే పోతుంది. బొగ్గు గనుల్లో పనిచేసే ఆవిడ తమ్ముడు రెండు వందరూపాయల నోట్లు పంపాడు. పోస్టులో ఎవరైనా కాజేస్తారన్న భయంతో నోట్లని మధ్యకి కోసి, ఎడమ ముక్కలు ఒక కవర్లో, కుడి ముక్కలు తర్వాత ఇంకో కవర్లో పంపడం అప్పట్లో కొందరికి అలవాటు. సగం దొంగిలించినా ఎవరికీ పనికిరాదు కదా. రెండో కవరు ఆ ఉదయమే వచ్చింది. పిన్నిగారు ముక్కల్ని అన్నం మెతుకులతో అతికించి, అతుకుల నోట్లు ఫీజు దగ్గర తీసుకోరని, మార్చుకోవడానికి చర్చి చీర కట్టుకుని నా కౌంటరుకి వచ్చారు.

సింహాలున్నాయి, దారముంది. కానీ నోటుకి రెండుచోట్లా ఒకే నంబరు ఉండాలా, దీనికి ఎడమన ఒకటుంది, కుడిన ఇంకొకటి. రెండో నోటుదీ అదే తంతు. "ఇవి చెల్లవండీ, ఎవరో మోసం చేశారు" అని హాలంతా వినబడేలా నోటు మీద నోరు పారేసుకున్నాను.

"మా తమ్ముడా మోసం చేసేది?" పిన్నిగారి మొహం ఎర్రబడింది. "పొద్దున నా పులుసన్నం తినేటప్పుడు ఈ తెలివి ఎటు పోయింది బాబూ? ఏదీ, ఆ నంబర్లు చదువు."

చదివాను. ఆవిడ వేలితో చూపించారు. "ఈ కుడి ముక్క దానిది, ఆ కుడి ముక్క దీనిది. అతికించడంలో నేను తారుమారు చేశా. ఇంతేగా?"

ఇంతే. మేనేజరుగారు నవ్వాపుకుంటూ తడిగుడ్డ తెప్పించారు. మెతుకులు నాని ముక్కలు విడివడ్డాక, నంబరుకి నంబరు చూసి నేనే మళ్లీ అతికించి, మంచి నోట్లు ఇచ్చాను. ఆవిడ బస్సుకి పరిగెత్తారు. చీకటిపడే వేళకి ఫీజు రసీదుతో తిరిగొచ్చి నాకు అన్నమైతే పెట్టారు గానీ, నాలుగురోజులు మాట్లాడలేదు.

మొదటి సగాలు అందాయని అక్క కార్డు రాస్తేనే తమ్ముడు రెండో సగాలు పోస్టులో వేసేవాడట. రెండొందలకి మూడు ఉత్తరాలు నడిచేవి. వాటిల్లో దగ్గులూ జ్వరాలూ, గేదె ఈనడాలూ, పిల్లల చదువులూ అన్నీ వచ్చేవి. ఇప్పుడు ఫోను నొక్కితే రెప్పపాటులో చేరిపోతోంది, మంచిదే. డబ్బు ఒక్కటే చేరుతోంది.