బకెట్‌తో సహా సరిపోయిన లెక్క

ఇప్పుడంటే బాబు రెండుసార్లు తుమ్మితే చాలు గుండె జారిపోతోంది కానీ, భయపడటం నాకు తల్లినయ్యాక వచ్చిన విద్య కాదు. ఇబ్రహీంపట్నంలో కెమికల్ ఇంజినీరింగ్ మూడో ఏడు చదివే రోజుల్లోనే అందులో ఆరితేరాను (మార్కుల్లో కాదు). ఆ ఏడు మా బ్రాంచికి గుర్తింపు ఇవ్వాలో వద్దో తేల్చడానికి కమిటీ వస్తోందన్నారు. క్లాసులో ఉన్నదే ఇరవై మందిమి. గుర్తింపు రాకపోతే బ్రాంచి ఎత్తేసి, మమ్మల్ని ఎక్కడెక్కడి కాలేజీలకో పంపేస్తారని పుకారు. కోహెడలో మా బాపు ఆ మాట విని, అన్నం కలుపుతూనే తీర్పు చెప్పేశాడు. "ఈడ బందైతే ఇగ చాలు బిడ్డా. గంత దూరం పోవుడు వద్దు, ఇంట్లనే ఉండు." నేను కంచం పక్కకు జరిపాను.

చదువు ముగిసిన నాలుగైదేళ్లకు మేము ఎలా తయారవ్వాలో చెప్పే లక్ష్యాలు నాలుగున్నాయి. కమిటీ అడుగుతుందని మా బ్రాంచి పెద్ద మేడం వాటిని రోల్ నంబర్ల వారీగా పంచి, కంఠస్థం చేయమన్నారు. నాకు మూడోది వచ్చింది. "మా పట్టభద్రులు భద్రతను, పర్యావరణాన్ని దృష్టిలో ఉంచుకుని, పరిశ్రమల సమస్యలను నిజాయితీగా పరిష్కరిస్తారు." బస్సులో కళ్లు మూసుకుని వల్లిస్తుంటే, పక్కనున్న పెద్దమ్మ ఏ దేవుడి మంత్రమని అడిగింది.

అసలు భయం ల్యాబ్‌లో ఉంది. వేడి నీళ్లు, చల్ల నీళ్లు పక్కపక్క గొట్టాల్లో పారే యంత్రం ఒకటి రెండేళ్లుగా అతుకు దగ్గర కారేది. కింద నీలం బకెట్. లోపలికి పోయిన నీళ్లూ బయటికి వచ్చిన నీళ్లూ సమానమని రికార్డులో చూపించాలి కనుక, మేము బకెట్‌లో నీళ్లు కూడా కొలిచి కలిపేవాళ్లం. సీనియర్లు నేర్పిన పద్ధతి. కమిటీ వచ్చే రోజు పొద్దున, ల్యాబ్ చూసుకునే చాచా లక్ష్యాలు అచ్చేసిన పెద్ద ఫ్లెక్సీ తెచ్చి బకెట్‌కు అడ్డంగా నిలబెట్టాడు. "ఫికర్ చెయ్యకు బేటా. లక్ష్యాల ఎనక బకెట్ ఎవలికి కనబడది."

కనబడలేదు, వినబడింది. కమిటీలోని తెల్లజుట్టు పెద్దాయన (తెలుగాయనే) నా ముందు ఆగగానే, ఏమీ అడగకముందే మూడో లక్ష్యం ఒక్క ఊపిరిలో అప్పజెప్పేశాను. 'నిజాయితీగా' అన్న మాట దగ్గర వెనక టప్‌మని చుక్క పడింది. ఆయన ఫ్లెక్సీ పక్కకు జరిపి, బకెట్‌ను చూసి, నన్ను చూశారు. బాపు అన్నం కలుపుతూ చెప్పిన తీర్పు గుర్తొచ్చింది. బట్టీపట్టిన పుస్తక భాష ఎగిరిపోయి, ఇంటి మాట బయటపడింది.

"అతుకు కాడ కారుతది సార్. గా నీళ్లు గూడ కొలిచి కలుపుతం. బకెట్‌తోని లెక్క సరిపోతది సార్."

మేడం కళ్లు మూసుకున్నారు. పెద్దాయన నా రికార్డు అడిగి తీసుకుని, పేజీలు తిప్పారు. ప్రతి ప్రయోగంలోనూ 'బకెట్' అని ఒక వరుస. తలెత్తి, కారుతున్నది కూడా రాసిన ల్యాబ్‌ను తాను ఇదివరకు చూడలేదని మేడంతో అన్నారు. అది మెచ్చుకోలో తిట్టో తెలియక, ఫలితం వచ్చేదాకా నెలల తరబడి నేను సరిగా తినలేదు. గుర్తింపు వచ్చింది. దాంతోపాటే అతుకుకు కొత్త వాషర్ కూడా వచ్చింది. బాపు మళ్లీ ఇంట్లో ఉండమన్న ఊసెత్తలేదు.

మొన్న కాలేజీ నుంచి ఫారం వచ్చింది. చదువు ముగిసి ఐదేళ్లయింది కదా, లక్ష్యాలు ఎంతవరకు చేరుకున్నారని అడిగారు. పక్కనే నా నోటుబుక్కు ఉంది. బాబు తాగిన పాలు ఒక వరుస, కక్కినవి ఇంకో వరుస (ఇవి అంచనా, బకెట్ పెట్టలేం కదా). హయత్‌నగర్ డాక్టరమ్మ అది చూసి, పిల్లాడు మంచిగున్నాడు, ముందు ఈ రాసుడు బంద్ పెట్టమంది. పెట్టలేదు. మూడో లక్ష్యం ఎదురుగా టిక్కు పెట్టబోతుంటే, ఫ్లెక్సీ పక్కన వణుకుతూ నిలబడ్డ ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది. దాని అదృష్టం. అప్పట్లో దాని భయమంతా ఒక్క బకెట్‌లో పట్టేది.