ఉప్పు సరిపోయిందా చూడమ్మా

మధ్యాహ్నం ఒంటిగంటకి మా ఆఫీసులో ఎవరో టిఫిన్ డబ్బా మూత తీశారు. చింతపండు పులుపు మీద వెల్లుల్లి, ఎండుమిరపకాయల పోపు వేసిన పప్పు వాసన గదంతా పరుచుకుంది. ఇక్కడి ముస్లింల ఇళ్లలో ఖట్టీ దాల్ అంటారు దాన్ని. ఆ వాసన తగిలితే నాకు ఖాదర్ సార్ గుర్తొస్తారు. ఆయనే నాకు పని నేర్పారు. చెప్పుకోవడానికి నాకు మరో గురువు లేరు, అక్కర్లేదు కూడా.

పంజాగుట్టలో ఒక మందుల దుకాణం మీద రెండు గదుల్లో ఆయన అనువాదాల ఆఫీసు ఉండేది. నేను తెనాలిలో తెలుగు ఎం.ఏ. చేసి, అమీర్‌పేట హాస్టల్లో దిగి, కంప్యూటర్ కోర్సు పూర్తి చేసి, ఎక్కడా ఉద్యోగం దొరక్క చివరికి ఆయన దగ్గర చేరాను. అక్కడ ఒక నియమం ఉంది. ఏ సర్వే ఫారం తెలుగులోకి మార్చినా, దానికి జవాబు చెప్పాల్సిన వాళ్లలాంటి మనిషికి చదివి వినిపించాకే పంపాలి. కింద టీ కొట్టు నడిపే ఎల్లమ్మ మాకు పెద్ద పరీక్షాధికారి. ఆమె మొహం చిట్లిస్తే వాక్యం మార్చాల్సిందే. ఎం.ఏ.లో మంచి మార్కులు తెచ్చుకున్న నాకు అది మహా నామోషీగా ఉండేది.

నెలాఖరులో నేను మధ్యాహ్నం భోజనం మానేసేదాన్ని. సార్ అడిగితే "ఆకలిగా లేదండీ" అనేదాన్ని. రెండుసార్లు అడిగి ఆయన ఇక అడగడం మానేశారు. మూడోనాడు డబ్బా మూతలో అన్నం, పప్పు కలిపి నా బల్ల మీద పెట్టారు. "మా ఇంట్ల ఉప్పు అందాజ్ తప్పుతది. జర చూసి చెప్పమ్మా" అన్నారు. చూసి చెప్పడానికి ఏడెనిమిది ముద్దలు పట్టేవి. అలా రోజూ చూసేదాన్ని. ఇన్నేళ్లు కాపురం చేసినా వాళ్లావిడకి ఉప్పు వేయడం రాలేదేమిటా అని నేను నిజంగానే జాలిపడ్డాను.

సార్ బంధువుల పెళ్లికి బీదర్ వెళ్లిన వారంలో ఒక ఫారం వచ్చింది. సనత్‌నగర్ షెడ్ల వెనక బస్తీలో ఒక సేవాసంస్థ పిల్లలకి మధ్యాహ్నం అన్నం పెడుతోంది. దాన్ని కొనసాగించాలా వద్దా అని తేల్చుకోవడానికి ఆ సర్వే. "గత నెలలో మీ ఇంట్లో ఎవరైనా ఆకలితో ఉన్నారా?" అని రాశాను. ఆకలి అన్న మాటకి పరీక్షేమిటి, పసిగుడ్డుకి కూడా తెలుసు కదా అనుకుని ఎల్లమ్మకి వినిపించకుండానే పంపేశాను.

పది రోజులకి, సార్ తిరిగొచ్చాక, ఆ సంస్థ నుంచి ఫోనొచ్చింది. దాదాపు ప్రతి ఇల్లూ "లేదు" అందట. అక్కడ ఆకలి లేదు కాబట్టి వంట ఎత్తేస్తున్నారట. సార్ వాళ్లని బతిమాలి నాలుగు రోజులు గడువు తీసుకుని ఫోన్ పెట్టేశారు.

"ఎల్లమ్మకు వినిపించినవా?" అన్నారు.

లేదన్నాను. ఆయన తిట్టలేదు. "పా, పోదాం" అన్నారు. తిట్టినా బాగుండేది.

బస్తీలో యాదమ్మ అనే ఆవిడ గడప మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. నా ప్రశ్న నేనే అడిగాను.

"ఆకలేంది బిడ్డా? మాకేం తక్కువైంది? తిన్నం" అంది యాదమ్మ. ఆమె గొంతులో కోపం తెలుస్తోంది.

సార్ పక్కనే చతికిలబడ్డారు. "పొద్దుగాల ఏం వండినవమ్మా?"

"రాతిరి బువ్వ ఉండె. పోరగాళ్లకు పెట్టిన."

"మరి నువ్వు?"

"చాయ్ తాగిన."

"నిన్న?"

"నిన్న సుత చాయే" అంది, బియ్యంలోంచి తల ఎత్తకుండా.

ఆటోలో తిరిగి బయల్దేరాం. ఎర్రగడ్డ దాటాక సార్ అన్నారు: "మా అమ్మ నోట భూక్, ఆకలి అన్న మాట నేను ఎన్నడు వినలే. ఇంట్ల ఏం లేని దినం, ఇయాల నాకు రోజా అంటుండె. రంజాన్ కాని నెలల్ల సుత మా అమ్మకు మస్తు రోజాలుండె. గది ఉపాసం కాదని నాకు పెద్దగైనంక తెలిసింది."

నాకు ఏడుపొచ్చింది. ఆకలి రుచి ఎరుగదు అని పరీక్షల్లో బోలెడుసార్లు రాశాను. కానీ ఆకలి ఉన్నవాళ్లు ఆ మాట పైకి అనరని, నేనే రోజూ అబద్ధం ఆడుతూ కూడా గ్రహించలేకపోయాను.

ఆ సాయంత్రమే ప్రశ్న మార్చాం. నిన్న ఏం వండారు? అందరికంటే ఆఖర్న ఎవరు తిన్నారు? వాళ్లకి ఏం మిగిలింది? చదివి వినిపిస్తే ఎల్లమ్మ గ్లాసులు కడగడం ఆపేసింది. "ఆఖరికి తినేది నేనే గద సార్. నా సంగతి ఈ కాగితంల ఎందుకు రాసిండ్రు?" అంది. సార్ నా వైపు చూసి తల ఊపారు. మళ్లీ సర్వే చేశారు. వంట ఆగలేదు.

మర్నాడు డబ్బా మూత నా బల్ల మీదికి వచ్చినప్పుడు అసలు సంగతి వెలిగింది. "ఉప్పు సరిగ్గానే ఉంది సార్. ఎప్పుడూ సరిగ్గానే ఉంది" అన్నాను.

"అట్లనా? అయితే రేపు సుత చూడు" అన్నారు, కాగితాల్లోంచి తల ఎత్తకుండానే.

ఆయన పోయి నాలుగేళ్లయింది. చివరి రోజుల్లో ఆసుపత్రిలో ఎవరేం తెచ్చినా ఆకలి లేదని మొహం తిప్పేసుకునేవారు. వాళ్లమ్మాయి బతిమాలి బతిమాలి అలసిపోయింది. నేను ఖట్టీ దాల్ చేసి తీసుకెళ్లాను. తింటారా అని అడగలేదు. మూతలో కొంచెం అన్నం మెత్తగా కలిపి, "సార్, మొదటిసారి చేశాను. ఉప్పు అందాజ్ తెలియలేదు. జర చూసి చెప్పండి" అన్నాను.

ఆయన మూత వైపు, నా వైపు చూశారు. దొంగ దొరికినట్టు నవ్వి నోరు తెరిచారు. రెండు చెంచాలయ్యాక, "సరిగ్గ తెలుస్తలేదమ్మా. ఇంకొంచెం పెట్టు" అన్నారు.

ఇప్పుడు నా దగ్గర పనిచేసే వాళ్లెవరైనా "ఆకలి లేదు మేడం" అంటే నేను మళ్లీ అడగను. లేచి డబ్బా మూత కడుక్కొస్తాను.