చాలరు బాబాయి

మా బాబాయిగారికి మనుషులు చాలరు. ఊరంతా కదిలొచ్చినా సరే, గుమ్మంలో నడుం మీద చేతులేసుకుని నిలబడి, "ఏరీ, మనుషులే చాలట్లేదు!" అంటారు. అందుకే ఆయనకి చాలరు బాబాయి అని పేరు పడిపోయింది.

పాత బట్టలు పోగుచేసి లేనివాళ్ళకి పంచే సంస్థ మాది. జీతాల్లేవు. ఊరికే వచ్చి చేసేవాళ్ళకి పనులు అప్పజెప్పడం బాబాయిగారి వంతు.

ఓసారి బల్ల జరపాలన్నారు. మొయ్యడానికి నలుగురు, తలుపు పట్టుకోడానికి ఒకరు, "మెల్లగా, మెల్లగా" అనడానికి ఒకరు. తీరా జరిపాక పాత చోటే బాగుందని చెప్పడానికి ఇంకొకరు.

"బల్లకి నాలుగే కాళ్ళు బాబాయిగారూ, మాకు పద్నాలుగు!" అని గొణిగాడు రిటైరైన డ్రైవరు.

"అందుకే తడబడుతున్నారు. ఇంకో మనిషుండాల్సింది!"

నేను అక్కడికి పని కోసం వెళ్ళలేదు. మావారు పోయాక ఆయన చొక్కాలు ఇచ్చేసి వద్దామని వెళ్ళాను. "ఇచ్చేసి పోతే ఎలాగమ్మా? మనుషులు చాలట్లేదు, కూర్చో" అన్నారు బాబాయిగారు. కాదనే ఓపిక కూడా లేక కూర్చున్నాను.

అప్పట్నుంచీ మడతలే మడతలు. సాయంత్రానికి బట్టల గుట్ట నేలకి దిగుతుంది. పొద్దున్న చూస్తే మళ్ళీ నా నడుమంత. రోజూ ఒక ఆకుపచ్చ గళ్ళ చొక్కా కూడా తగిలేది. ఊళ్ళో మగాళ్ళందరూ ఒకే తానులోంచి కుట్టించుకున్నారేమో అనుకునేదాన్ని.

చివరికి విసుగొచ్చింది. "బాబాయిగారూ, రేపట్నుంచి రాను. ఎంత చేసినా తరగని గుట్టకి నేనెందుకు?"

ఆయన మొహం పాలిపోయింది. "అయ్యో, అసలే మనుషులు..."

"చాలరు. తెలుసు" అని వచ్చేశాను.

వీధి మలుపులో గొడుగు గుర్తొచ్చి వెనక్కెళ్ళాను. బాబాయిగారు నేలమీద చతికిలబడి, నేను మడతపెట్టినవన్నీ ఒక్కొక్కటే దులిపి గుట్టలో పడేస్తున్నారు. చేతిలో ఆకుపచ్చ గళ్ళ చొక్కా.

"ఇదేం పని!"

తేలుకుట్టిన దొంగలా చూశారు. "వారానికి వచ్చేది ఒక్క మూటమ్మా. అది అయిపోతే, ఆదివారం పంచేదాకా నువ్వేం చేస్తావు? ఆ ఇంట్లో ఒక్కదానివీ గోడలు చూస్తూ కూర్చుంటావా?"

కోపం రావాల్సింది. ఎక్కడుందో వెతుక్కున్నా దొరకలేదు. ఆయనేమో మోకాళ్ళు పట్టేసి లేవలేకపోతున్నారు.

గొడుగు మూల పెట్టి పక్కన కూర్చున్నాను.

"కాస్త జరగండి. ఇంత విప్పాలంటే మనుషులు చాలరు."