కడుపంటే ఏ కడుపు

1988. నల్లగొండలో ఒక సర్జన్ గారి చిన్న నర్సింగ్ హోంలో నేను స్టాఫ్ నర్సుని. ఇప్పుడు మాత్రలతో మానిపోయే అల్సర్‌కి ఆ రోజుల్లో చాలాసార్లు కత్తే దిక్కయ్యేది. ఏళ్ల తరబడి పస్తులు, బీడీలు, గొడ్డు కారం. పుండు ముదిరాక గానీ మా దగ్గరికి వచ్చేవాళ్లు కాదు. వచ్చాక ఆలస్యం మాదే అన్నట్టు కోప్పడేవాళ్లు. నేనూ తక్కువ తినలేదు లెండి, అంతకు రెట్టింపు కోప్పడేదాన్ని.

మొన్న మా వీధిలో ఒకమ్మాయి బరువు తగ్గడానికి హైదరాబాద్‌లో పొట్ట ఆపరేషన్ చేయించుకుని వచ్చింది. "ఆంటీ, నోరు ఊరుకోవట్లేదు. చూయింగ్ గమ్ నమలొచ్చా?" అని నవ్వుతూ అడిగింది. నాకు నవ్వు రాలేదు, సైదమ్మ గుర్తొచ్చింది. కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. పాపం, చిన్న ప్రశ్న అడిగినందుకు పెద్ద కథ వినాల్సి వచ్చింది.

సైదమ్మది దేవరకొండ దగ్గర ఒక పల్లె. గొర్ల కాపరుల ఇల్లు. పెళ్లయి చాలా ఏళ్లయినా పిల్లల్లేరు. మొగుడు మందను తోలుకుని కృష్ణ ఒడ్డుకు వలస పోతే, అత్త బాలమ్మ ఆమెను వెంటబెట్టుకుని వచ్చింది. జ్వరమొస్తే చాలు కోడల్ని పుట్టింటికి పంపే అత్తల్ని చాలామందిని చూశాను. ఈమె మాత్రం మంచం పక్కన నేలమీద కూర్చుని కోడలి పాదం చేత్తో పట్టుకునే ఉండేది. లేచి బయటికి పొమ్మంటే "నా బిడ్డ బుగులువడ్తది" అనేది, భయపడుతుందని.

సైదమ్మకి తిన్నదంతా సాయంత్రానికి వాంతయ్యేది. మొదట్లో ఊరంతా సంబరపడిందట.

"కడుపుతోటున్నదనుకున్నం సిస్టరమ్మా," అంది బాలమ్మ. "చింతకాయ తెచ్చిపెట్టిన, కోరిందల్ల పెట్టిన. నెలలు పోతున్నయి గని పొట్ట పెరగదాయె."

పెరగకపోగా పిల్ల చిక్కి సగమైంది. అల్సర్ మానుతూ, తిరగబెడుతూ, జీర్ణాశయం కింది దారి మూసుకుపోయింది. సర్జన్ గారు గ్యాస్ట్రెక్టమీ చేశారు. చెడిన భాగం తీసేసి, మిగిలిన జీర్ణాశయాన్ని నేరుగా పేగుకి కుట్టడం అన్నమాట. అలా కుట్టిన నోటిని స్టోమా అంటాం. సన్నని దారి అది. ఆపరేషన్ అయిన పొట్ట మునుపటిలా తిన్నదాన్ని మెత్తగా రుబ్బి కిందికి పంపలేదు, అందుకే ఆ పని పళ్లే చేయాలి.

ఇంటికి పంపేటప్పుడు సర్జన్ గారు వాళ్ల మాటల్లోనే చెప్పారు. "కడుపింక పచ్చిగున్నది. కొంచెం కొంచెం, మాటిమాటికి పెట్టు. ఏది తిన్నా మంచిగ నమిలి మింగాలె."

బాలమ్మ చేతులు జోడించి విన్నది. "కడుపు మంచిగైనట్టేనా సారూ?"

"మంచిగైంది."

ఆ మాటకి ఆమె కళ్లనీళ్లు పెట్టుకుని ఆయన కాళ్లకు మొక్కబోయింది. సైదమ్మ కూడా నవ్వింది. పై పన్ను ఒకటి పక్కదాని మీదికి ఎక్కి ఉండేది, నవ్వితే బాగుండేది ఆ పిల్ల.

కొన్ని నెలలకు మళ్లీ తీసుకొచ్చారు. మళ్లీ వాంతులు. ఈసారి గుక్కెడు నీళ్లు కూడా నిలవడం లేదు. పొట్ట మీద చెయ్యి పెడితే లోపల గట్టిగా ఏదో తగులుతోంది. బేరియం మీల్ తీశాం. సుద్దలాంటి తెల్లటి మందు తాగించి తీసే ఎక్స్‌రే అది. మందు కాస్త కిందికి పోయి, ఒక పెద్ద ఉండ చుట్టూ పరుచుకుని ఆగిపోయింది.

"ఏం తింటున్నవమ్మా?" అని సర్జన్ గారు అడిగారు.

"మీరు చెప్పినట్టే సారూ. కొంచెం కొంచెం. మస్తు నమిలి మింగుతున్న."

"ఏం నమిలి?"

"తుమ్మబంక."

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. నాకు అర్థమైంది. నా కాన్పుకి మా అమ్మీ గోంద్ లడ్డూలు చేసిపెట్టింది. తుమ్మచెట్టు బంకని నేతిలో వేయించి, కుడుక అంటే ఎండుకొబ్బరి, ఎండు ఖర్జూరం, బెల్లం కలిపి దంచి కట్టే ఉండలు. బాలింతకు నడుము గట్టిపడాలని పెడతారు. బాలింతకు! ఈ పిల్లకెందుకు? బయటికొచ్చి బాలమ్మని అడిగాను.

"గదేంది సిస్టరమ్మా, పచ్చి బాలింతకు పెట్టమా? నా కోడలికి కడుపు కోసి మంచిగ చేసిండ్రు. కడుపు పచ్చిగున్నదని సారే చెప్పె. బాలింతోలె సూసుకున్న. నడుము గట్టివడితె, వచ్చే ఏడాదికల్ల మనుమడో మనుమరాలో..." అని ఆగి, సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

యా అల్లా, అనుకున్నాను. అన్నం పడేదీ కడుపే, బిడ్డ పెరిగేదీ కడుపే మనకు. సర్జన్ గారు ఒక కడుపు గురించి చెబితే ఆమె ఇంకో కడుపు గురించి విన్నది. ఎండలో చెట్టు చెట్టుకూ తిరిగి ముళ్లు గీరుకుంటూ బంక ఏరింది. రెండు ముద్దలకే పొట్ట నిండిపోయి సైదమ్మ ఉండలు పూర్తిగా తినలేకపోతుంటే, పచ్చి బంక కొంగున కట్టి ఇచ్చింది. ఆ పిల్ల ఇంటి దగ్గర మిగిలిన నాలుగు గొర్రెల వెంట నడుస్తూ పొద్దంతా నమిలి మింగింది. బంక, కుడుక పీచు, ఖర్జూరం తోలు కలిసి లోపల ఉండకట్టి స్టోమాకి అడ్డం పడ్డాయి. దాన్ని బెజోర్ అంటారు. చదువుకునే రోజుల్లో పేరు విన్నానంతే. మళ్లీ కోయక తప్పదని సర్జన్ గారు చెప్పారు.

థియేటర్‌కి తీసుకెళ్లేముందు సైదమ్మ నా చెయ్యి పట్టుకుంది. మేం అడిగిన ప్రశ్నల్ని బట్టి ఆమెకి అంతా తెలిసిపోయింది.

"సిస్టరమ్మా, బంకతోటి అయిందని మా అత్తకు చెప్పకుండ్రి. తల్లి లేని దాన్ని, తల్లోలె అరుసుకున్నది. తెలిస్తే పాణం ఇడుస్తది."

"చెప్పను పో. ముందు నువ్వు బాగై లే," అన్నాను.

మా వైపు ఒక పద్ధతి ఉంది. లోపలినుంచి ఏం తీసినా కిడ్నీ ఆకారపు ట్రేలో పెట్టి ఇంటివాళ్లకి చూపిస్తారు. చూపించకపోతే అసలు ఏమైనా తీశారా అని అనుమానపడతారు. నేను లోపల సైదమ్మ దగ్గరే ఉన్నాను, ఆ పిల్ల కోరిన మాట సర్జన్ గారికి చెప్పే వీలు చిక్కలేదు. బయటికి వచ్చేసరికి ట్రే బాలమ్మ ముందుంది. నల్లగా, జిగటగా, పిడికిలంత ఉండ. సర్జన్ గారు దాన్ని మధ్యకి కోసి చూపిస్తున్నారు. లోపల తెల్లటి పలుకులు.

ఆమె వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"గివి నేను కొట్టిన కుడుక ముక్కలే," అంది.

సర్జన్ గారు ట్రే మీద గుడ్డ కప్పారు.

మత్తు దిగాక సైదమ్మ అడిగిన మొదటి మాట, "చెప్పిండ్రా?"

"లేదు," అన్నాను.

బాలమ్మ పక్కనే నిలబడి ఉంది. "ఏం చెప్తరు బిడ్డా? గడ్డ తీసిండ్రట. మంచిగైతవన్నరు," అని కోడలి నుదురు నిమిరింది. ఆ నిబ్బరం ఎక్కడినుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

తిండి లేక శుష్కించిన ఒంట్లో కుట్లు పట్టవు. లోపల కుట్టు విడిపోయింది, చీము పట్టింది. మేం చేయగలిగిందంతా చేశాం. సైదమ్మ పోయింది. ఆఖరిదాకా అత్తకు తెలియదనే అనుకుంది. అదొక్కటే ఆ పిల్ల కోరింది, అదొక్కటే దక్కింది.

జీపు మాట్లాడుకుని వచ్చారు ఊరివాళ్లు. బాలమ్మ బండెక్కబోతూ వెనక్కి వచ్చింది.

"ఇంకెవరికన్న గీ ఆపరేషన్ చేస్తే గిది పెట్టొద్దని చెప్పు బిడ్డా. ఉత్తగ చెప్తె ఇనరు. బాలమ్మ అనేటిది పెట్టి కోడల్ని సంపుకున్నదని నా పేరు పెట్టి చెప్పు."

అప్పట్నుంచి ఇంటికి వెళ్లే పేషెంటుకి ఇది తినొద్దు, అది తినొద్దు అని మాత్రమే చెప్పి ఊరుకోలేదు. "ఇంటికి పోయాక మీవాళ్లు ప్రేమగా ఏం పెడతారు?" అని అడిగేదాన్ని. పై పొట్ట మీద చెయ్యి వేసి, "అన్నం పడే కడుపు, ఇది" అని చూపించి మరీ చెప్పేదాన్ని. ఈ కేసు నాకు నేర్పింది అదే.

మా వీధి అమ్మాయికి కూడా అదే చెప్పాను. నమలడం సంగతి నీ సర్జన్‌ని అడుగు, నమిలితే గాలి కూడా మింగుతావు, కడుపు ఉబ్బుతుంది. గమ్ మాత్రం పొరపాటున కూడా మింగకు, దారి సన్నగా ఉంటుంది అన్నాను. ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుని, "ఆంటీ, ఆవిడ పేరు నిజంగా బాలమ్మేనా?" అంది.

కాదు. ఇన్నేళ్లలో ఎందరికో ఈ సంగతి చెప్పాను గానీ ఆమె పేరు పెట్టి మాత్రం ఒక్కసారీ చెప్పలేదు. అంత ప్రేమగా పెట్టిన మనిషి పేరుని 'చంపుకుంది' అనే మాట పక్కన చేర్చడానికి నాకు నోరు రాలేదు.