అక్క ఉంచుకున్న ఇంటిపేరు

ఈ రోజు గురువారం. పోయిన శుక్రవారం తెల్లవారుజామున తిరుపతిలో మా అక్క పోయింది. అక్క అంటే తోడబుట్టింది కాదు, మా బావగారి భార్య, నా తోడికోడలు. మీలో చాలామందికి ఎనిమిదో తరగతిలో లెక్కలు చెప్పిన టీచరు. పెద్దకర్మ సోమవారం. అంతలోపే, ఈ పత్రిక ఆదివారం సంచికలో ఇది రావాలని తొందరపడి రాస్తున్నాను. పైన ఫోటో కింద ఆమె పేరు పుట్టింటి ఇంటిపేరుతోనే వేస్తానని సంపాదకుడు మాట ఇచ్చాడు. మా వీధి మొదట్లో కట్టిన ఫ్లెక్సీ మీద మాత్రం అత్తింటి పేరు పడింది. ఆ పేరుతో ఆమె ఎన్నడూ సంతకం పెట్టలేదు.

మా ఇద్దరి పెళ్ళిళ్ళూ ఒకే ఏడాది జరిగాయి. అత్త మాకు చెరొక ఇత్తడి చెంబు కొని, పేర్లు కొట్టించడానికి చిత్తూరులో పాత్రల అంగడికి తీసుకుపోయింది. కొట్టేవాడు "పేరు చెప్పమ్మా" అన్నాడు. నేను కొత్త ఇంటిపేరుతో చెప్పాను. అది నాకు ఇష్టమే, ఇప్పటికీ ఇష్టమే. అక్క తన పాత పేరే చెప్పింది. సుత్తి ఆగిపోయింది.

"ఏమ్మే, మా ఇంటిపేరు నీకు పనికిరాలేదా?" అంది అత్త, అంగడి నిండా జనం ఉండగానే.

"ఇల్లు మీదే అత్తా, నేనూ మీ ఇంటిదాన్నే. పేరు మాత్రం మా నాయన బళ్ళో రాయించినాడు. అది ఉండనీ."

"రేపు పిల్లోళ్ళు పుడితే?"

"వాళ్ళకు వాళ్ళ నాయన ఇంటిపేరే పెట్టండి. నేను అడ్డం రాను."

ఉగాది దాకా అత్త ఆమెతో నేరుగా మాట్లాడలేదు. ఉప్పు అందుకోమన్నా నాతో చెప్పించేది. బావ మాత్రం, "నేను పిలిసేది ఏమే అని గదా, దానికి ఇంటిపేరెందుకు?" అని నవ్వేవాడు. అక్క నవ్వేది కాదు.

బడిలో ఆమె ఎవరి పేరూ తనంతట తాను రాసేది కాదు. పెళ్ళయి మళ్ళీ పరీక్ష కట్టడానికి వచ్చిన ఆడపిల్ల పక్కన మొగుడో మామో నిలబడి ఉంటే, వాళ్ళను వదిలేసి ఆ పిల్లనే చూస్తూ, "నీ పేరు ఎట్ల రాయమంటావు?" అనేది. మార్చమంటే మార్చి రాసేది. వద్దంటే అట్లాగే ఉంచేది. ఇంట్లో శుభలేఖల మీద పేర్లు రాసేటప్పుడు కూడా "అడిగి రాయండి" అని మా చేతులు ఆపేది. అప్పట్లో నాకది చాదస్తంగా తోచేది.

నా మనవరాలు ఈ వేసవిలో నగరి వాళ్ళ కోడలైంది. ఆధార్‌లో ఇంటిపేరు మార్చుకోవాలా వద్దా అని అక్కడ రోజూ మాటే. మార్చుకోమన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. చావు కబురు విని వచ్చిన పిల్ల ఆటో దిగి, ఫ్లెక్సీ ముందు చాలాసేపు నిలబడింది.

"అవ్వా, పెద్దవ్వను ఎవురడిగినారు?" అంది.

ఫ్లెక్సీ వేయించింది అక్క కొడుకే. వాణ్ణి పిలిచి అడిగాను.

"సిన్నమ్మా, నలుగురొచ్చే సోట మా నాయన ఇంటిపేరు లేకుండా ఎట్లేసేది? నువ్వు మార్చుకోలేదా?"

"నేను కోరి మార్చుకుంటి. ఆమె కోరి ఉంచుకునింది."

"బళ్ళో నన్నేమనేవోళ్ళో తెలుసా నీకు? మీయమ్మ మీ ఇంట్లో బాడుగకుండాదా అనేవోళ్ళు. ఒక్క తూరన్నా ఆమె పేరు, మా పేర్లు ఒక్క వరసలో సూడాలని ఉండాది సిన్నమ్మా. తప్పా?"

"తప్పు కాదురా. అది నీ కోరిక. దాన్ని ఆమె పేరు మీద రాయొద్దు."

"ఇంక ఆమెనడిగేది యాడ?"

"బతికినన్నాళ్ళూ చెప్తానే ఉన్నింది గదరా."

వాడు చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. అప్పటినుంచి నాతో మాట్లాడలేదు.

నిన్న సాయంత్రం చూస్తే ఫ్లెక్సీకి కింది మూల తాడు ఒకటి విప్పి ఉంది. గాలికి అడుగుభాగం మడతపడి ఆమె ముఖం కనిపిస్తోంది, పేరు కనిపించడం లేదు. ఎవరు విప్పారో నేను అడగలేదు.

ఇక జరగవలసినవి:

1. మిగతా తాళ్ళు కూడా సోమవారంలోపు విప్పాలి. కొత్త ఫ్లెక్సీ ఖర్చు నాది. అందులో ఆమె పేరు ఆమెది. దాని కిందనే కొడుకు పేరు, వాడి ఇంటిపేరుతో, అంతే పెద్ద అక్షరాల్లో పడాలి.

2. మరణ ధ్రువీకరణ పత్రంలో ఉద్యోగం చేసిన పేరే రాయించాలి.

3. ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళు సోమవారం వస్తే, పైన ఫోటో కింద ఉన్న పేరు చెప్పి ఇల్లు అడగండి. మా ఇంటిపేరు చెబితే మిమ్మల్ని నా దగ్గరికి పంపుతారు.

4. మనవరాలికి ఏం చేయాలో ఎవరూ చెప్పకూడదు, నాతో సహా. అడగాలి, ఆ పిల్ల చెప్పినట్టు రాయాలి.

5. పెద్దకర్మ అయ్యాక అక్క చెంబు మనవరాలికి ఇవ్వాలి. చింతపండు పెట్టి తోమి బోర్లించాను. కొట్టిన చుక్కలు అరిగినా అక్క పేరు చదవడానికి వస్తోంది. దాని కింద ఇంకొక పేరు పట్టేంత చోటు ఖాళీగా ఉంది.